మడ్డిలోంచి లేచిన భూతం: ‘గాడ్జిల్లా వర్సెస్ హెడోరా’

జపాను చిత్రాల భూతాల్లో పేరులోనే కథంతా ఇముడ్చుకున్నది హెడోరా. ‘హెదోరో’ అన్నది జపానులో వాడుక మాట. నీటి అడుగున పేరుకున్న కుళ్ళు అని అర్థం. దీన్ని తెలుగులో ‘బురద’ అంటే చాలదు. బురద వానకూ పుడుతుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. ‘మడ్డి’ అంటే కొంత దగ్గరవుతుంది. నూనె వాడుకున్నాక కుండ అడుగున మిగిలేది మడ్డి. వాడుకున్నవాడు ఉంటేనే అది ఉంటుంది. యోషిమిత్సు బన్నో దర్శకత్వంలో తోహో సంస్థ 1971 జూలై 24న విడుదల చేసిన ఈ చిత్రాన్ని ఈ మాట వెలుగులో చూడాలని మా ఉద్దేశం.

ఆనాటి జపానును గుర్తుంచుకోవాలి. మినమతాలో రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరింది. ఆ రోగం 1956లో బయటపడినా, కారణం కర్మాగారమేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. యొక్కాయిచిలో పెట్రోరసాయనాల పొగ జనానికి ఉబ్బసం తెచ్చింది. ఫుజి నగరంలోని తగొనొఉరా రేవులో కాగితపు మిల్లుల మడ్డి పేరుకుపోయింది. చిత్రకథ నడిచేది ఆ రేవున్న సురుగా అఖాతం ఒడ్డునే.

హెడోరా తోకకప్ప రూపంలో మొదలై, నేల మీదికి పాకి, చివరికి ఎగురుతుంది. పొగగొట్టం మీద వాలి హుక్కా పీల్చినట్టు పొగ పీల్చే దృశ్యం మరపురానిది. అది ఎగిరిన దారిలో ఆమ్లపు మంచు కురుస్తుంది. బడి ఆవరణలో వ్యాయామం చేస్తున్న పిల్లలు కూలిపోతారు, మనుషులు ఎముకల గూళ్ళవుతారు. మధ్యమధ్య కార్టూన్ బొమ్మలు, సూర్యుణ్ణి తిరిగి ఇమ్మని అడిగే పాట వస్తాయి. ఈ కలగాపులగం కొన్నిచోట్ల అతకలేదు. గాడ్జిల్లా వెనక్కి ఎగరడం నవ్వు తెప్పిస్తుంది. అయినా బడిపిల్లల దృశ్యం దగ్గర నవ్వు ఆగిపోతుంది.

1954లో ఇషిరో హోండా తీసిన తొలి చిత్రంలో గాడ్జిల్లా హైడ్రోజన్ బాంబు పరీక్షలు లేపిన భూతం. ఇక్కడ అదే రక్షకుడు. హెడోరాను ఎండగట్టడానికి సైన్యం నిలిపిన పెద్ద విద్యుత్ పలకలకు కరెంటు అందకపోతే, గాడ్జిల్లా తన అణుశ్వాసతో వాటిని పనిచేయిస్తుంది. నిన్నటి విషం నేటి మందయింది. ఈ ఇబ్బందిని చిత్రం దాచలేదు. పని ముగించి వెళ్ళేముందు గాడ్జిల్లా మనుషుల వైపు ఒక కోపపు చూపు చూస్తుంది. అది స్నేహితుడి చూపు కాదు.

మా అసంతృప్తి వేరొకచోట ఉంది. ఈ చిత్రంలో పొగగొట్టాలున్నాయి, వాటి యజమాని లేడు. భూతపు విత్తనం అంతరిక్షం నుంచి వచ్చిందని, దాన్ని మేపింది మనమందరమని కథ చెబుతుంది. ‘మనమందరం’ అన్న మాటలో మినమతా జాలరి, కర్మాగారం యజమాని ఒకే వరుసలో నిలబడతారు. యొక్కాయిచి రోగులు అలా అనుకోలేదు. 1967లో ఆరు కంపెనీల మీద దావా వేశారు. సరిగ్గా ఈ చిత్రం విడుదలైన ఏడాదికి, 1972 జూలై 24న, న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. తెర మీద గాడ్జిల్లా చేసిన పనిని బయట ఊపిరాడని మనుషులు చేశారు.

అందుకని చిత్రాన్ని తోసిపుచ్చనక్కరలేదు. పేరులేని మురికికి ఒక పేరు, రెండు ఎర్రటి కళ్ళు ఇచ్చి పిల్లల ముందు నిలబెట్టడం చిన్న పని కాదు. కానీ పేరు పెట్టడంతో విమర్శ ముగియదు. మన విద్యార్థులు తామున్న ఊరి కాలువలో పారేదాన్ని ఇంట్లో తెలుగులో ఏమంటారో, వీధిలో అక్కడి భాషలో ఏమంటారో విని చూడాలి. ఆ మాటల్లో ఏది ఎవరి తప్పూ లేనట్టు చెబుతున్నదో, ఏది వాడుకున్నవాణ్ణి గుర్తుచేస్తున్నదో తేల్చుకుంటే, ఈ చిత్రం వదిలిపెట్టిన ప్రశ్న అక్కడి నుంచి ముందుకు సాగుతుంది.