అద్దె ఇంటికి తాళం

సంక్రాంతి వారంలో విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ కార్లు బయలుదేరిన హైదరాబాద్ అపార్టుమెంట్లలో తలుపు తలుపుకీ తాళమే. రైలు టికెట్లు నెలల ముందే కొంటాం. బట్టలు, పిండివంటలు, పిల్లల సెలవులు అన్నీ లెక్క చూసుకుంటాం. ఇల్లు మూయడానికి మాత్రం చివరి అరగంట మిగులుస్తాం. అది చాలదు. ఇల్లు మూయడం నేర్చుకోవలసిన పని. అద్దె ఇల్లయితే మరీను, గోడలో ఏ పైపు ఎటు పోతుందో మనకు తెలియదు కదా.

ఊరెళ్లేవాళ్లకు దొంగల భయం ఉండడం సహజం. నగలు బ్యాంకు లాకర్లో పెట్టాలి, ఊళ్లో దిగిన ఫొటోలు తిరిగొచ్చాకే ఫేస్‌బుక్‌లో పెట్టాలి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఓ మాట చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో, అడిగినవాళ్ల ఇంట్లో ఉచితంగా కెమెరా పెట్టే ఏర్పాటు కూడా తెచ్చారు. ఇవన్నీ చేయాల్సినవే. కానీ నాకు దొంగల కంటే నీళ్లంటే ఎక్కువ భయం.

ట్యాంకు ఖాళీ అయిన వేళ కుళాయి తిప్పుతాం, నీళ్లు రావు, అలాగే వదిలేసి బయలుదేరతాం. సాయంత్రం వాచ్‌మన్ మోటారు వేస్తాడు. సింకులో ఒక పళ్లెం అడ్డుపడి ఉంటే చాలు, నీళ్లు పొంగి వంటగది దాటి హాల్లోకి వస్తాయి. వాషింగ్ మెషీన్ పైపు ఊడినా అంతే. దొంగ ఎత్తుకుపోయేది మన సొమ్ము. నీళ్లు పాడుచేసేది కింది వాళ్ల సీలింగు, చెక్క కప్‌బోర్డు, కరెంటు వైర్లు. పండగ పూట వాళ్లు ఇంట్లోనే ఉంటారు, పైన మన తలుపుకు తాళం ఉంటుంది. అందుకే కుళాయిలు కట్టేయడంతో సరిపెట్టుకోకుండా, ఫ్లాటుకు నీళ్లొచ్చే వాల్వునే కట్టేయాలి. అది బాత్రూం అటక మీద ఉంటుందో, డక్టులో ఉంటుందో, టెర్రస్ మీద ట్యాంకు పక్కన ఉంటుందో ఓనరుగారిని అడిగితే గానీ తెలియదు.

వాల్వు కట్టే ముందు ఇంకో పని ఉంది. బాత్రూం నేలలోని ట్రాపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు వాసననూ బొద్దింకలనూ ఆపేది ఆ నీళ్లే. వాడకం లేకపోతే అవి ఆవిరైపోతాయి. ఒక్కోదాంట్లో ఓ చెంబెడు నీళ్లు పోయాలి. వేసవి సెలవులకు ఎక్కువ రోజులు వెళ్లేటట్టయితే పైన ఒక చెంచా వంటనూనె వేస్తే నీళ్లు త్వరగా ఆరవు. బకెట్లు బోర్లించాలి, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింది పళ్లేలు వంపేయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం పది రోజులు చాలు. మనం లేని ఇంట్లో పుట్టిన దోమ వెళ్లేది పక్కింటికే.

గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. ఫ్రిజ్ నాలుగు రోజులకైతే నడవనివ్వచ్చు, నెల రోజులకైతే ఖాళీ చేసి, తుడిచి, ఆపేసి, తలుపు కాస్త తెరిచి ఉంచాలి. తడి చెత్త ముందే బయటికి పోవాలి. బయలుదేరేటప్పుడు దేవుడి దగ్గర దీపం పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ దీపం కొండెక్కే దాకా ఆగి గానీ తాళం వేయకూడదు.

ఇక అసలు సంగతి తాళంచెవి. నేను చూసిన 11 నెలల అగ్రిమెంట్లలో అద్దె, అడ్వాన్సు, రంగుల ఖర్చు అన్నీ ఉన్నాయి గానీ, ఊరెళ్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఎందులోనూ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఇంటిని తీసుకున్న స్థితిలో కాపాడడం, తగిన వేళల్లో ఓనరును లోపలికి వచ్చి చూడనివ్వడం అద్దెకున్నవాళ్ల బాధ్యత. కానీ ఓనరు అమెరికాలో ఉండొచ్చు. వాచ్‌మన్ కుటుంబం కూడా పండగకు ఊరికి పోవచ్చు. కాబట్టి తాళంచెవి ఉండాల్సింది అదే అంతస్తులో పండగకు ఇంట్లోనే ఉండే మనిషి దగ్గర. "ఆంటీ, తాళంచెవి మీ దగ్గర ఉంచండి, ఏదైనా అయితే మా కోసం చూడకుండా తలుపు తీసేయండి" అని నోటితో చెప్పాలి. అలా చెప్పకపోతే ఎంత దగ్గరివాళ్లైనా మొహమాటపడి మన ఫోన్ కోసం ఆగుతారు. ఆ లోపు నీళ్లు దిగిపోతాయి. ఓనరుగారికీ ఆ సంగతి ఫోన్లో చెప్పాలి.

తాళంచెవితో పాటు ఒక కాగితం ఇవ్వాలి. వాల్వు ఎక్కడుందో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో, మన నంబరు, ఓనరుగారి నంబరు రాయాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా ముందు కిటికీలు తెరవమని పెద్దక్షరాల్లో రాయాలి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకు అరిసెలు తీసుకురావడం వేరే చెప్పాలా!

ఈ ఆదివారం వీలు చూసుకుని మీ ఇంటి వాల్వు ఎక్కడుందో వెతకండి. ఒకసారి తిప్పి చూడండి. ఏళ్లుగా ఎవరూ ముట్టక బిగుసుకుపోయి ఉంటే ఓనరుగారికి ఇప్పుడే చెప్పి బాగుచేయించండి. పండగ వారంలో ప్లంబర్లు కూడా ఊళ్లకు వెళ్తారు.