కథకుడు కనిపించని కథ

నవలలు రాసుకునేదాన్ని కనుక, ఏ కథ విన్నా "ఇది చెబుతున్నదెవరు?" అని చూడటం నాకు అలవాటైపోయింది. ఈ మధ్య సెల్‌ఫోనుల్లో షికారు చేస్తున్న ఒక రకం వీడియోల్ని కూడా ఆ దృష్టితోనే చూస్తున్నాను. మీరూ చూసే ఉంటారు. బట్టల షాపులోనో, మందుల షాపులోనో కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ మాటామాటా పెరుగుతుంది. వెంటనే ఫోను పైకి లేస్తుంది. "ఏమ్మా, నీ పేరేంటి? ఇప్పుడు చెప్పు, అందరూ చూస్తారు!" అని ఒక గొంతు. ఎదురుగా యూనిఫారం చీరలో, పేరు బిళ్ల పెట్టుకుని ఒక అమ్మాయి. అంతే, సినిమా మొదలు!

కథగా చూస్తే ఇంత అన్యాయమైన కథ నేనెక్కడా చదవలేదు. దీనికి మొదలుండదు. ఫోను తియ్యకముందు ఎవరు ఎవర్ని ఏమన్నారో మనకి తెలీదు. కథకుడు కనిపించడు. కోపంతో జేవురించిన తన ముఖం మాత్రం చూపించడు మహానుభావుడు! ఇక ఆ రెండో పాత్ర ఉందే, ఆవిడకి అక్కణ్ణించి కదిలే వీల్లేదు. మీరూ నేనూ అయితే విసుక్కుని ఇంటికి వచ్చేస్తాం. ఆ అమ్మాయి కౌంటరు వదిలితే ఉద్యోగం వదులుకున్నట్టే. తిరిగి మాటంటే పొగరు. ఏడిస్తే నాటకం. పొరపాటున నవ్విందా, ఇంకేమైనా ఉందా!

ఇది మనకొక్కళ్లకే పట్టిన జాడ్యం కాదు. మర్యాదకి పేరుపడ్డ జపానులో, సప్పొరో నగరంలో, 2013లో ఒకావిడ తను కొన్న వస్తువు బాగాలేదని బట్టల షాపుకి వెళ్లి, అక్కడి ఉద్యోగుల చేత నేలమీద మోకాళ్లూని తలవంచి క్షమాపణ చెప్పించుకుంది. ఊరుకోక ఆ ఫోటో తీసి ట్విట్టరులో పెట్టింది. చూసినవాళ్లు తీసినావిడనే తిట్టిపోశారు. పోలీసులు అరెస్టు చేసిందీ ఆవిడనే! కథకులు చాటున దాక్కోవడం అన్నిసార్లూ సాగదన్నమాట. ఆ దేశంలోనే లాసన్ దుకాణాలవాళ్లు 2024లో పేరు బిళ్ల మీద అసలు పేరుకి బదులు పొడి అక్షరాలు పెట్టుకోవచ్చన్నారు. కస్టమర్ల వేధింపులు కూడదంటూ టోక్యోలో ఏకంగా ఒక చట్టమే 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్షలేవీ లేవనుకోండి దాన్లో.

ఇంతా చెప్పి, కెమేరా మీద నాకేం కోపం లేదు. వసంతబాలన్ తీసిన తమిళ సినిమా 'అంగాడి తెరు' 2010లో వచ్చింది. తెలుగులో 'షాపింగ్ మాల్' అన్నారు. చెన్నై రంగనాథన్ వీధిలో ఒక పెద్ద బట్టల కొట్టు, అందులో సేల్స్‌గర్ల్‌గా మన తెలుగమ్మాయి అంజలి. మనం పాతిక చీరలు విప్పించి ఒక్కటీ నచ్చలేదని లేచొచ్చాక, ఆ పిల్లలు ఏం తింటారో, ఎలా ఇరుక్కుని పడుకుంటారో, సూపర్‌వైజరు చేతిలో ఎన్ని దెబ్బలు తింటారో ఆ కెమేరా వెంట ఉండి చూసింది. చివర్లో ఆ ప్రమాదం పెట్టి కన్నీళ్లు పిండకపోయినా బాగానే ఉండేదని నా అభిప్రాయం. అయినా సరే, ఆ సినిమా చూసొచ్చి షాపులో చీర విప్పమనడానికి నోరు రాదు.

"మరి మోసం జరిగితే నోరు మూసుకోవాలా?" అంటారేమో. ఎందుకు మూసుకోవాలి? కాటాని ఫోటో తియ్యండి. బిల్లుని తియ్యండి, అట్టపెట్టె మీద ఎమ్మార్పీని తియ్యండి. వినియోగదారుల ఫిర్యాదులకి 1915 నంబరుంది, ఫోను చెయ్యండి. ఇందులో దేనికీ ఆ పిల్ల ముఖంతో పని లేదు. ధర వేసింది ఆవిడ కాదు. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు రాయించిందీ ఆవిడ కాదు. రాయించినాయన పై అంతస్తులో ఏసీ గదిలో ఉంటాడు. నాకొచ్చిన ఇన్ని వీడియోల్లో ఆయన ముఖం ఒక్కదాంట్లోనూ కనపడలేదు.