అడగవలసినది ఎవరిని? తెలుగు గ్రంథాల డిజిటల్ ప్రతులపై ఒక విమర్శ

1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో పందొమ్మిదవ శతాబ్దపు జనన, వివాహ, మరణ రిజిస్టర్లను నేడు ఇంట్లో కూర్చుని చదవవచ్చును. ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ నగరంలో ఉన్న జాతీయ అభిలేఖాగారం వాటిని అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. అయితే గోదావరి జిల్లాల్లో ముప్పై, నలభై ఏండ్ల క్రితం అచ్చయి, పునర్ముద్రణకు నోచుకోని తెలుగు వ్యాఖ్యాన గ్రంథమొకటి కావలసి వస్తే అదే యానాం విద్యార్థి రాజమండ్రికో హైదరాబాదుకో ప్రయాణం కట్టాలి. అక్కడైనా దొరుకుతుందన్న హామీ లేదు. దీనికి కారణం యంత్రాల కొరత కాదు. అడగవలసిన వారిని అడగవలసిన తీరున మనం అడగకపోవడమే కారణమని మా అభిప్రాయం.

ఈ దిశగా జరిగిన పెద్ద ప్రయత్నం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఆచార్య రాజ్ రెడ్డి ప్రేరణతో 2000 దశకం ఆరంభంలో మొదలైన ఆ పనికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం. వేలాది తెలుగు గ్రంథాలను అది పాఠకుల ముంగిటికి తెచ్చింది. ఆ మేలు మరువరానిది. అయినను రెండు లోపాలు చెప్పక తప్పదు. మొదటిది, అందులో ఉన్నవి పుటల ఛాయాచిత్రాలే కాని వెదకడానికి వీలైన అక్షరాలు కావు. పుస్తకాల పేర్లు సైతం ఇంగ్లీషు లిపిలో తప్పులతో నమోదయ్యాయి. రెండవది, గ్రంథస్వామ్యం తీరని పుస్తకాలు కూడా అందులో చేరాయి. 2017లో ఆ కారణంగానే ఆ వేదిక మూతపడింది. చాలా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి గాని, అడగకుండా చేసిన మేలుకు పునాది ఉండదని తేలిపోయింది.

ప్రచురణకర్తల వాదన ఒకటే: పీడీఎఫ్ బయటికి వస్తే అచ్చు ప్రతి అమ్ముడుపోదు. కొత్త పుస్తకం విషయంలో ఇందులో కొంత సత్యముంది. ప్రతులు అయిపోయి, మళ్లీ వేసే ఉద్దేశమే లేని పుస్తకం విషయంలో పోయే అమ్మకం ఏది? “అన్నీ ఇవ్వండి” అని మనం అడుగుతున్నాము కనుకనే “ఏదీ ఇవ్వము” అన్న జవాబు వస్తున్నది.

అసలు హక్కు ఎవరిదో కూడా గమనించాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏండ్లకు గ్రంథం అందరిదవుతుంది. అంతవరకు హక్కు ప్రచురణకర్తకు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాతపత్రం ఉండాలి. 1994 సవరణ అమలయ్యాక జరిగిన ఒప్పందంలో గడువు రాయకపోతే అది ఐదేండ్లే చెల్లుతుంది. నోటిమాట మీద అచ్చయిన పుస్తకంపై హక్కు రచయితదే, ఆయన తదనంతరం వారసులదే. అంటే ఇన్నాళ్లూ మనం తట్టింది అన్నివేళలా సరైన తలుపు కాదు.

2012 సవరణ మరి రెండు దారులు తెరిచింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వద్దనున్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ ప్రతి చేసుకోవచ్చు. అంధ పాఠకులకు అనువైన ప్రతిని అనుమతి లేకుండానే తయారు చేయవచ్చు. మన గ్రంథాలయాలు వీటిని ఎంతవరకు వాడుకున్నాయో ఆత్మపరిశీలన చేసుకోవాలి.

కావున అభ్యర్థన చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి: ఫలానా పుస్తకం, డిజిటల్ ప్రతికి మాత్రమే అనుమతి, అచ్చు హక్కు మీదే, మీ పేరు, పాఠం యథాతథం. రచయిత జీవించి ఉండగా దీనికి ఒక్క సంతకం చాలును. ఆయన గతించాక వారసులు నాలుగు ఊళ్లకు చెదిరిపోతారు. అందరి సమ్మతీ కావాలి. ఆలస్యం వలన పోయేది కాగితం మాత్రమే కాదు, “సరే” అనగలిగిన మనిషి కూడా.

ఇతరులను అడిగే ముందు మేము రాసిన వాటికి మేమే ఆ సంతకం చేయాలి. చేయకుండా ఇతరులకు చెప్పే అర్హత మాకు లేదు.