నల్లమల లోయలు – కాలినడక: ‘కాశీయాత్ర చరిత్ర’, ‘కొండపొలం’ రచనల పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్య విమర్శ కొండను వర్ణనాంశంగా గుర్తించింది. కొండల నడుమ వాగు కోసిన ఇరుకు లోయకు ఆ గుర్తింపు దక్కలేదు. కాలినడకన తప్ప తెలియని ఈ చోటు తెలుగు రచనల్లోకి యాత్రికుల ద్వారా, పశువుల కాపరుల ద్వారా వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’లోని శ్రీశైల ప్రయాణాన్ని, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవలను ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నల్లమల, కోన, లొద్ది, వాగు, యాత్రాచరిత్ర, గొర్రెల కాపరులు, చెంచులు.

1. వర్ణనల్లో లేని చోటు

అలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనల్లో శైలం ఉంది, అర్ణవం ఉంది, ఉద్యానం ఉంది. కోన లేదు. ప్రయాణవర్ణన ఉన్నా అది రాజు సేనతో కదలడానికి సంబంధించినది. ఒక మనిషి వాగు వెంట నడవడానికి అందులో చోటు లేదు. కొండకు శిఖరం ఉంటుంది. అది దూరంనుంచే కనిపిస్తుంది, కవికి ఉత్ప్రేక్ష దొరుకుతుంది. లోయ సంగతి వేరు. అంచుకు వచ్చేదాకా అక్కడ లోయ ఉన్నట్టే తెలియదు. దిగినవాడికి కూడా తర్వాతి మలుపు వరకే తెలుస్తుంది.

వాడుక భాషకు మాత్రం ఈ చోటు బాగా తెలుసు. కోన, లొద్ది, వంక, వాగు, చెలమ, మడుగు అన్న మాటలను పర్యాయపదాలుగా తీసుకోవడం పొరపాటు. వంకలో వానకు మాత్రమే నీరు పారుతుంది. చెలమ ఇసుకలో తవ్వితే ఊరేది. మడుగు వాగు పారడం ఆగిపోయాక కూడా నిలిచి ఉండేది. దాహంతో నడిచేవాడికి ఈ తేడాలు ప్రాణంతో సమానం. తలకోన, పెంచలకోన, తుంబురుకోన, లొద్ది మల్లయ్య వంటి పేర్లను చూస్తే, కావ్యం పట్టించుకోని భూగోళాన్ని స్థలనామాలు భద్రంగా దాచుకొన్నాయని తెలుస్తుంది.

‘మనుచరిత్ర’ను ఈ కోణంనుంచి చూడవచ్చు. ప్రవరుడు హిమాలయానికి నడిచి వెళ్లలేదు. సిద్ధుడిచ్చిన పాదలేపం తీసుకెళ్లింది. తిరిగి రావడమూ నడిచి కాదు, అగ్నిదేవుని అనుగ్రహంతో. లేపం మంచునీటికి కరిగిపోయాక దారి తెలియక తిరుగాడిన కొద్దిసేపే ఆ యాత్రలో అతనికి సొంత కాళ్లే దిక్కయినవి. కథ మలుపు తిరిగేది కూడా అక్కడే. దారి అడగవలసిన అవసరం లేకపోతే వరూధినితో సంభాషణకు అవకాశమే లేదు. పెద్దన హిమాలయ వర్ణనను తరతరాలుగా మెచ్చుకొన్న విమర్శ ఈ దారితప్పడాన్ని కథావసరంగా చూసి వదిలేసింది. పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణం ఇందుకు భిన్నం. అక్కడ శ్రీశైల యాత్రికులు గుంపులుగా కదులుతారు, పదాలు పాడుకొంటారు. ఆ పదాల్లో పర్వతపదాలను కవి ప్రత్యేకంగా పేర్కొన్నాడు. అయితే ఆ నడక చూపు శిఖరం మీదనే ఉంది.

2. భీముని కొల్లం దారి

ఆత్మకూరు వైపునుంచి శ్రీశైలానికి వెళ్లే పాతదారి నాగలూటి, పెద్దచెరువు మీదుగా భీముని కొల్లం చేరుతుంది. నేడు భీముని కొలను అని పిలిచే ఆ చోట దారి లోతైన అడవిలోయలోకి మెట్ల మీదుగా దిగి, అవతలి వైపున మళ్లీ మెట్లెక్కి కైలాసద్వారం చేరుతుంది. శ్రీశైల, అహోబలాలకు మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. ఉగాదికి శ్రీశైలం వచ్చే కన్నడ భక్తులు ఇప్పటికీ ఈ దారిని కాలినడకనే దాటుతారు.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. వెళ్లేటప్పుడు అహోబలం, శ్రీశైలం చూశాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె 1838లో అచ్చువేయించిన ఆ గ్రంథాన్ని తెలుగు యాత్రాచరిత్రలకు ఆద్యంగా, వ్యావహారిక వచనానికి ముందు మెట్టుగా చర్చించడం పరిపాటి. దారి పుస్తకంగా చదివితే దాని మరో గుణం బయటపడుతుంది. వీరాస్వామయ్య ప్రకృతిని చూసి పరవశించే రచయిత కాడు. మజిలీకీ మజిలీకీ ఎంత దూరం, బాట ఇసుకా రాయా, నీళ్లు ఎక్కడ, దినుసులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అన్నవి ఆయన పట్టింపులు. శ్రీశైల యాత్రికులనుంచి కందనూరు నవాబు వసూలు చేసే సుంకాన్నీ అదే స్వరంతో రాస్తాడు.

ఈ పొడితనం లోపమని తోచవచ్చు. నల్లమల స్వరూపం తెలిస్తే ఆ అభిప్రాయం మారుతుంది. ఈ కొండల పైభాగాల్లో చాలాచోట్ల గట్టి క్వార్ట్‌జైట్ శిల పరచుకొని ఉంటుంది. వానకు వచ్చిన నీరు పగుళ్లలో ఇంకుతుంది, లేదా వంకల్లో జారిపోతుంది. ఎండాకాలానికి పైన ఏమీ మిగలదు. లోయ అడుగున నీడపట్టు మడుగుల్లోనో, రాతిపొరల నడుమ ఊరే జలల్లోనో మిగులుతుంది. అలాంటి నేలమీద మజిలీని నిర్ణయించేది నీరే. కాబట్టి నీటి ఉనికి చెప్పిన ఒక్క వాక్యం పది ఉపమలకన్నా దగ్గరగా ఆ లోయను చూపిస్తుంది. ‘కాశీయాత్ర చరిత్ర’లోని జాబితాల వంటి వాక్యాలకు ఉన్న సాహిత్య విలువ ఇదే.

ఆ చూపుకు ఒక పరిమితీ ఉంది. వీరాస్వామయ్య ప్రయాణం చాలావరకు బోయీల భుజాల మీద సాగింది. బాట రాతిగొట్టుగా ఉందని రాసినప్పుడు ఆ రాయి తగిలిన పాదం ఆయనది కాదు. ఎక్కుడు కఠినమన్న తీర్పు బోయీల ఊపిరినుంచి, వారు భుజం మార్చుకొన్న తీరునుంచి, వారు ఆగిన చోట్లనుంచి ఆయనకు చేరిన సమాచారం. వారిని గురించి ఆయన నిర్దయగా రాశాడని అనలేం. పరివారం బాగోగులు పట్టించుకొన్న మనిషి. కానీ గ్రంథంలోని దారి జ్ఞానంలో పెద్దభాగం పేర్లు లేని ఆ మనుషుల కాళ్లు సంపాదించినది. కాలినడకను కేంద్రంగా చేసుకొని ఈ పుస్తకాన్ని చదివే విమర్శ మొదట ఒప్పుకోవలసిన అప్పు అది.

3. నీళ్లు చూపించిన దారి

‘కొండపొలం’లో నడిచే కాలికీ చూసే కంటికీ మధ్య ఆ దూరం లేదు. కరవులో మేత, నీరు కరవైనప్పుడు కడప ప్రాంతపు గొర్రెల కాపరులు మందలను నల్లమలకు తోలుకొనిపోయి వారాల తరబడి అడవిలోనే గడపడాన్ని కొండపొలం పోవడం అంటారు. చదువు పూర్తయినా ఉద్యోగం దొరకని, బిడియంతో నలుగురిలో నోరు విప్పలేని యువకుడు రవి తండ్రి వెంట అలా అడవికెక్కుతాడు. 2019 తానా నవలల పోటీలో బహుమతి పొందిన ఈ రచనను పులిని ఎదుర్కొన్న కథగా, ఒక కుర్రవాడి భయం పోయిన కథగా చదవడం మామూలైంది. ఆ చదువు తప్పేమీ కాదు, అయితే సగమే.

మందకు నీళ్లు చూపించాలి. ఎండలో నీరు ఉండేది లోయ అడుగున. గొర్రెకూ పులికీ దాహం తీర్చే మడుగు ఒకటే. కాపరి ఏ ఇరుకులోంచి మందను దించక తప్పదో, పులి పొంచి ఉండడానికి అనువైన చోటూ అదే. ఈ కారణంగా నవలలోని భయం గాలిలో తేలే మనోభావంగా మిగలదు. దానికి నేలమీద కచ్చితమైన చిరునామా ఏర్పడుతుంది. గట్టుమీద ఉన్నంతసేపు మనిషికి కళ్లు చాలు. కోనలోకి దిగాక చూపు మలుపు దగ్గర తెగిపోతుంది, చెవి పని మొదలవుతుంది. పక్షుల అరుపు మారడం, జింక కేక, మేస్తున్న మంద ఉన్నట్టుండి ముద్దకట్టడం కాపరికి అక్షరాల వంటివి. ఈ అక్షరాలు తండ్రికి వచ్చు, ఇంజనీరింగ్ చదివిన కొడుకుకు రావు. రవి ధైర్యం ఎవరి ఉపదేశంవల్లో వచ్చిందనుకోవడంకన్నా, ఈ చదువు నెమ్మదిగా పట్టుబడడంవల్ల వచ్చిందనడం నవలకు న్యాయం చేస్తుంది. కడప మాండలికం ఇక్కడ అలంకారానికి వాడినది కాదు. ఆ లోయలకు పేర్లున్నది ఆ భాషలోనే.

లోపం ఒకటి చెప్పుకోవాలి. తండ్రి, తోటి కాపరులు జీవితమంతా చేసిన నడక కొడుకు విషయానికి వచ్చేసరికి శిక్షణగా మారిపోతుంది. అడవి అతన్ని మనిషిని చేసింది, సరే. ఆ అడవిని ప్రతి కరవుకూ ఎక్కవలసిన తక్కినవారి సంగతి అతని విజయం వెలుగులో కొంత మసకబారుతుంది. పాఠకుడికి తృప్తి కలిగించే నిర్మాణమే ఇక్కడ విషయాన్ని చిన్నది చేసింది.

2021లో క్రిష్ దర్శకత్వంలో వచ్చిన సినిమా ఎక్కువభాగం వికారాబాద్ అడవుల్లో చిత్రీకరణ జరుపుకొంది. నవలలో లేని ప్రేమకథ కూడా చేరింది. ప్రేమకథ గురించి చర్చ జరిగినంతగా అడవి మారడం గురించి జరగలేదు. అడవి ఎక్కడిదైనా అడవే కదా అనుకోవచ్చు. కానీ లోయ మారితే నీటి దారి మారుతుంది, నీటి దారి మారితే ఈ కథలో భయం కాపురమున్న చోటే మారిపోతుంది.

4. ముందు నడిచినవారు

ఈ రెండు రచనలకూ మధ్య 180 ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఒకటి యాత్రికుడిది, మరొకటి కాపరులది. రెండింటిలోనూ కథనం చెంచుల గొంతులో లేదు. శ్రీశైల యాత్రికులకు అడవిదారి చూపించడం, కావలి ఉండడం చెంచుల చరిత్రలో భాగం. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం అమ్రాబాద్ పీఠభూమి చెంచులు ఋతువునుబట్టి తావులు మారుతూ బతికిన తీరును వివరంగా నమోదు చేసింది. అది మానవశాస్త్రం, అందులో కూడా చూసే కన్ను బయటిదే.

నాగర్‌కర్నూల్ జిల్లా అడవిలోని సలేశ్వరం ఈ చర్చకు ఒక కొలమానం కాగలదు. చైత్ర పౌర్ణమికి జరిగే జాతరలో వేలమంది రాళ్ల దారిన లోయలోకి దిగి, జలపాతం పక్కన గుహలోని లింగమయ్యను చూసి వస్తారు. పూజారులు చెంచులు. దిగేవారు వస్తున్నామని, ఎక్కేవారు పోతున్నామని లింగమయ్యను పిలుస్తూ కేకలు వేస్తారు. భక్తి సంగతి అలా ఉంచితే, ఎదురువచ్చేవాడు కనబడని ఇరుకు మలుపుల్లో ఆ కేకకు మరో ప్రయోజనం కూడా ఉండి ఉండాలి. పులుల అభయారణ్యం కావడంతో జాతర రోజులు దాటాక ఆ దారి బయటివారికి మూసుకుపోతుంది. లోయ అడుగున చెంచులకు మాత్రం ఏడాది పొడవునా పరిచయమైన నేల అది. ఎక్కడ రాయి జారుతుందో, ఏ నెలలో ఏ మడుగు ఎండుతుందో వారు చెప్పగా విని, వారి వెనకనే నడిచి రాసిన తెలుగు వచనం కోసం వెదికే పరిశోధకుడికి వీరాస్వామయ్య ఆగిన చోటా, రవి ఎక్కిన చోటా రెండూ గట్టుమీదనే ఎదురవుతాయి.