ఉగ్రుడైన స్వామి, అల్లుడైన స్వామి

సినిమాలను గూర్చి వ్రాయుటకు నాకు గల అర్హత మిక్కిలి స్వల్పము. సంవత్సరమునకు రెండు మూడు చిత్రములకు మించి చూచువాడను కాను. చూచినవానిలోను సగము ఇంటివారి బలవంతముచేత చూచినవే. నటుల జాతకములు, వసూళ్ల లెక్కలు నాకు పట్టవు. అయినను, ఇల్లాలితోను బిడ్డలతోను కలిసి కూర్చుండి చూడదగినవని పేరుపడిన చిత్రములలో రెండు తెగలు మాత్రము నాకు కొంత పరిచితములు. ప్రేమికుల చేష్టలతో నవ్వించునవి యొక తెగ; బొమ్మలను కదలించి పిల్లలను మెప్పించునవి రెండవ తెగ. ఈ రెంటిని గూర్చియు గృహస్థులనెడి మాట యొక్కటే: "ఏమున్నది, కాలక్షేపము, హాని లేదు." ఆ మాటయే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

2025 జూలై 25వ తేదీన విడుదలయిన 'మహావతార్ నరసింహ' చిత్రమును పిల్లలతో కలిసి నంద్యాలలో చూచితిని. అశ్విన్ కుమార్ దర్శకత్వమున హిందీలో తయారై తెలుగు మాటలు తొడుగుకొని వచ్చిన బొమ్మల చిత్రమిది. మన దేశపు బొమ్మల చిత్రమునకు దేనికిని అంతకుముందు రానంత ధనము దీనికి వచ్చినదనియు, మూడువందల కోట్లు దాటినదనియు పత్రికలు వ్రాసినవి. కొన్నిచోట్ల ప్రేక్షకులు చెప్పులు వెలుపల విడిచి వచ్చి చూచిరట. నంద్యాలవారికి ఈ కథ పరాయిది కాదు. స్వామి వెలువడిన స్తంభమిదియేయని యాత్రికులకు చూపెడి ఉగ్రస్తంభము మా జిల్లాలోనే, ఆళ్లగడ్డ మండలములోని అహోబిలమున, నల్లమల కొండలలో నున్నది. ఈ ప్రాంతమున ఏ తరగతి హాజరుపట్టీ తెరచినను ఓబులేసు ఒకడైనను కనబడును. అదిగాక, తెలుగు మాటలాడు చిత్రమే ప్రహ్లాదునితో పుట్టినది. హెచ్. ఎం. రెడ్డి 'భక్తప్రహ్లాద' 1932లో వచ్చెను. అదే కథను చిత్రపు నారాయణమూర్తి 1942లో ఒకసారి, 1967లో మరల ఒకసారి తీసెను. 1967 నాటి చిత్రమున ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపుని, పసిబిడ్డయగు రోజారమణి ప్రహ్లాదుని చూడనివారు నా యీడువారిలో అరుదు.

కొత్త చిత్రమున మెచ్చదగినవి లేకపోలేదు. రంగులు గంభీరముగ నున్నవి. బాలుని ముఖమున భయము లేకుండుటయు, తండ్రి ముఖమున భయమును కోపముగా మార్చుకొనుటయు బొమ్మ గీసినవారు చక్కగా పట్టుకొనిరి. హోలిక కథను కలిపిరి; అది మన పోతన ప్రహ్లాదచరిత్రమున లేదు. తల్లి పేరు పోతనకు లీలావతి. వీరు సంస్కృతభాగవతమును అనుసరించి కయాధువనిరి. వీనిని నేను దోషములుగ నెంచను. ఏ ప్రాంతమువారి ప్రహ్లాదుడు ఆ ప్రాంతమువారికి ఉండవచ్చును. నా అభ్యంతరము వేరు; అది పాళ్లను గూర్చినది.

శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పినాడు. మొదటి మాటకు పిదప వత్తును. రెండవదానికి నరసింహకథకంటె మించిన ఉదాహరణము దొరకదు. భాగవతమున హిరణ్యకశిపుడు హతుడైన పిమ్మట కథ ఆగదు. అప్పుడే అసలు చిక్కు మొదలగును. స్వామి కోపము చల్లారదు. దేవతలు దగ్గరకు పోజాలరు. లక్ష్మియే వెనుకాడును. అప్పుడు బ్రహ్మ పసివానిని ముందునకు పంపును. ఆ బిడ్డ సాగిలపడగా స్వామి లేవనెత్తి తలమీద చేయి యుంచును. తండ్రిని చీల్చిన చేయియే అది. ఆ క్షణమున బిడ్డడు ఏమి చెప్పును? నీ కోరలకు, నీ గోళ్లకు నేను వెరవను, సంసారమునకు వెరతునని చెప్పును. ఇల్లాలు, బిడ్డలు కూర్చుండి చూచు చిత్రమునకు ఇంతకంటె విలువైన ఘట్టమేది? చిత్రమున అది లేదని చెప్పను. కాని యుద్ధమునకు పరచిన పందిరిలో దానికి దక్కినది ఒక మూల మాత్రమే. చిత్రము విడువగానే పిల్లలు వేళ్లు గోళ్లవలె వంచి గర్జించుచు మెట్లు దిగిరి. మరునాడు బడిలో విరామసమయమున అందరును నరసింహులే. బలహీనుడొకనిని పట్టి హిరణ్యకశిపుని చేసిరి. ప్రహ్లాదుడు కావలెనని యడిగినవాడు ఒక్కడును లేడు.

బొమ్మలచేత ఇంతకంటె సాధ్యము కాదందురేమో. అమెరికావారు 2009లో తీసిన 'అప్' అను బొమ్మల చిత్రమును చూచినవారు అట్లనరు. బుడగలమ్ము ఒక సామాన్యుడు, అతని భార్య. వారి పెండ్లి, ఇల్లు బాగుచేసికొనుట, బిడ్డ కలుగకపోవుట, దూరదేశమునకు పోవలెనని కూడబెట్టిన డబ్బు ఇంటిఖర్చులకు మాటిమాటికి కరగిపోవుట, ముసలితనము, ఆమె మరణము. ఇంత జీవితమును ఆరంభమున కొలది నిమిషములలో ఒక్క మాటయు లేకుండ చూపిరి. నా ప్రక్కన కూర్చున్న నా భార్య కన్నులు తుడుచుకొనినది. నేను తుడుచుకొనలేదని చెప్పలేను. అంతయెందుకు, ఆళ్లగడ్డలో రాతివిగ్రహములు చెక్కు శిల్పులున్నారు. కదలని రాతిలో కోరలు చెక్కిన ఉలియే ఆ స్వామి తొడమీద లక్ష్మిని కూడ కూర్చుండబెట్టి లక్ష్మీనరసింహుని చేయును. కదలెడి బొమ్మకు ఆ శక్తి లేకుండునా?

ఇక కథ మా ప్రాంతమున ఇంకను ముందునకు పోయినది. చల్లారని కోపముతో నల్లమలలో తిరుగుచున్న స్వామి ఒక చెంచుపిల్లను చూచి మనసుపడెనని, ఆమెను పెండ్లాడి శాంతించెనని ఇచ్చటివారు చెప్పుకొందురు. చెంచులు నేటికిని స్వామిని తమ అల్లునిగా భావింతురు. ఈ కథ ఒట్టి పుక్కిటి పురాణముగా మిగిలిపోలేదు. అహోబిలమఠమునకు ఏడవ పీఠాధిపతియగు శఠగోపయతి పదునారవ శతాబ్దిలో దీనిని 'వాసంతికాపరిణయము' అను సంస్కృతనాటకముగ రచించినాడు. ఒక సన్యాసి వలపుకథ వ్రాయుట చూచి నేటి సంస్కర్తలలో కొందరు కనుబొమ్మలు ముడుతురేమో గాని, నాకు మాత్రము ఆ యతిపై గౌరవము హెచ్చినది. అటుపిమ్మట యక్షగానములు పుట్టినవి. 1943లో కమలా కోట్నీస్ నాయికగా 'చెంచులక్ష్మి' చిత్రమైనది, 1958లో బి. ఎ. సుబ్బారావు దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటింపగా మరల చిత్రమైనది.

ఈ రెండవ 'చెంచులక్ష్మి'లో ఘంటసాల, జిక్కి పాడిన యుగళగీతమొకటి తెలుగునాట ఎల్లరకును తెలిసినదే. దానిలో చెంచుపిల్ల స్వామిని పరీక్షించును. చెట్లెక్కుట వచ్చునా, అడవిలో బ్రతుకుటకు కావలసిన పనులు వచ్చునా అని ఒక్కొక్కటిగ అడుగును. గోళ్లతో దానవేంద్రుని చీల్చిన దేవుడు ఒక కోయదొరసాని యెదుట పరీక్షకు కూర్చున్న విద్యార్థివలె తబ్బిబ్బగును. నవ్వు ఇచ్చట పుట్టుచున్నది. శృంగారమునుండి హాస్యము పుట్టుననిన భరతుని మాటకు నేను చెప్పుకొను అర్థమిది: వలచినవాడు తన పెద్దరికమును క్రిందపెట్టవలెను, అడుగునది ఆమె, చెప్పుకొనవలసినది అతడు. ఈ కొలతతోనే నేను నవ్వించు ప్రేమచిత్రములన్నిటిని కొలిచి చూతును.

విజయావారి 'మిస్సమ్మ' (1955) ఈ కొలతకు నిలుచును. నాకు దానిపై ఒక వృత్తిపక్షపాతము కూడ కలదు. అది పంతుళ్ల కథ. జమీందారుని బడిలో ఉద్యోగము కావలెనన్న పట్టభద్రులైన భార్యాభర్తలే కావలెను. ఇద్దరు నిరుద్యోగులు పొట్టకొరకు దంపతులమని నటించుచు ఒక కప్పుక్రింద చేరుదురు. ఎన్. టి. రామారావు పాత్ర అడుగడుగునను సావిత్రి పాత్ర కోపమునకు లోబడును. లోకమంతయు ఆమెను అతని భార్య యనుచుండగా, ఆమె యంగీకారము లేనిదే ఆ మాటను అతడు హక్కుగ చేసికొనడు. పెండ్లి చేసికొన్నవారిలోనే ఇంత మర్యాద ఎందరికి కలదని నేను పలుమార్లు తలచితిని. అయినను చివర నాకొక వెలితి. మేరీ యను క్రైస్తవయువతిని ఒక హిందువు పెండ్లాడవచ్చునా యను ప్రశ్నను లేవనెత్తి, సమాధానము చెప్పవలసివచ్చినప్పుడు కథ తప్పించుకొన్నది. ఆమె తప్పిపోయిన జమీందారుబిడ్డ మహాలక్ష్మియే యని తేల్చి చేతులు కడుగుకొన్నది. చక్రపాణిగారి చమత్కారమునకు చేయెత్తి మ్రొక్కుదును గాని, ఆ తెలివికి మాత్రము మ్రొక్కను. బ్రాహ్మణయువకుని, క్రైస్తవయువతిని జతచేసి ఆ ప్రశ్నను తప్పింపక నిలబెట్టిన 'అంటే సుందరానికీ' వచ్చుటకు 2022 వరకు వేచియుండవలసి వచ్చెను. అందులోను నాయికానాయకులు పెద్దలకు నిజము చెప్పలేక అబద్ధములనే ఆశ్రయింతురు.

జంధ్యాల 'అహ నా పెళ్ళంట' (1987) చూచి కడుపుబ్బ నవ్వనివాడు లేడు; కోడిని వ్రేలాడగట్టి దానిని చూచుచు అన్నము తిను కోట శ్రీనివాసరావు పిసినారితనము ఇప్పటికిని మా ఇంట సామెతయే. కాని కొలతపెట్టి చూడగా, పరీక్షించువాడు అందు తండ్రి; పిల్ల గడపకడ నిలిచి ఫలితమునకై ఎదురుచూచును.

'ఇడియట్' (2002) దగ్గరకు వచ్చుసరికి పరీక్షయే లేదు. నాయకుడు పిల్ల వెంటబడును. ఆమె ఛీకొట్టుకొలది అతడు రెచ్చిపోవును, సభ చప్పట్లు కొట్టును. తుదకు ఆమె లొంగును. లొంగినది గనుక మొదటినుండియు అతడే సరి యని కథ తీర్పు. ఇట్టివి తరువాత ఎన్ని వచ్చెనో లెక్కపెట్టలేను. గృహస్థులు వీనిని ఇంటిల్లిపాది చూచి, పాటలు బాగున్నవని వత్తురు. నేను ఉపాధ్యాయుడను గాన, ఆ కథ తెరమీద ముగిసిన తరువాతిభాగము నాకు కనబడును. బాలికలు బడికి నడిచివచ్చు దారిలో సైకిళ్లు, మోటారుసైకిళ్లు నిలుచును. "ఏమిరా ఇది" యన్నచో "ప్రేమ సార్" అని నవ్వుదురు. వాండ్రు చెడ్డవారు కారు. ఆమె కాదనుట కథకు ఆరంభమని మాత్రమే నేర్చుకొన్నారు. దండన ఎవరికి పడును? బాలికకు. "దారిలో పిలగాండ్లు సతాయించుచున్నారు, మాన్పించుచున్నాము సార్" అని చెప్పి తొమ్మిదవ తరగతిలో బిడ్డను ఇంట కూర్చుండబెట్టిన తండ్రులను నేనెరుగుదును. మరుసటి వేసవిలో పెండ్లిపత్రిక వచ్చును. నేను పెట్టిన గణితపు మార్కులు ఆ పత్రికమీద నుండవు.

తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' (2016) కొంత ఊరట కలిగించినది. దానికి తెలుగులో ఉత్తమచిత్రముగ జాతీయబహుమానము వచ్చినదని తెలిసి సంతోషించితిని. ఇల్లు పొరబడి పెండ్లిచూపులకు వచ్చిన యువకుడు, ఒక గదిలో చిక్కుకొని మాటలాడుకొను ఆ యిద్దరు, బండిమీద వంటకములమ్ము వ్యాపారము. పిల్లకు బుద్ధియు పట్టుదలయు కలవు. పిల్లవానికి వంట తప్ప వేరేమియు పట్టదు. అతడు ఆమె పనిలో చేరి, పని నేర్చి, పనికివచ్చువాడగుటయే కథ. ఇదియు చెట్టెక్కుటయే. భాష మాత్రము సగము ఇంగ్లీషు. నావంటి పంతులు చెవికి అది కొంత రాయి. అయినను ఆ రాతిని సహింపవచ్చును.

అహోబిలమున సంక్రాంతి పండుగదినములలో స్వామి పల్లకి ఎక్కి పారువేటకు బయలుదేరును. సుమారు నలువది దినములు ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలన్నియు తిరిగి, తన పెండ్లికి రమ్మని జనులను తానే పిలుచునని నమ్మిక. శుభలేఖలు పంచుటకు పెండ్లికొడుకే వచ్చునన్నమాట. ఆ దినములలో మా పిల్లలు బడి ఎగగొట్టినను నేను చూచియు చూడనట్లుందును. ఆ బొమ్మల చిత్రము తీసినవారు పరశురాముని కథను 2027లో తెత్తుమని ప్రకటించిరి. మరల గొడ్డలి, మరల రౌద్రము. వారి శక్తి గొప్పది, కాదనను. ఆ శక్తితో ఎవరైన చెంచుపిల్ల చెట్టెక్కించిన స్వామిని బొమ్మగీసిన చూడవలెనని నా కోరిక.

అంతవరకు ఆగలేక, ఒక ఆదివారము ఇరుగుపొరుగు పిల్లలను పిలిచి మా యింట 'చెంచులక్ష్మి'లో ప్రహ్లాదకథ ముగిసిన తరువాతి భాగమును చూపితిని. పాత చిత్రము, రంగులు లేవు, మొదట గుసగుసలు. పది నిమిషములు గడచిన తరువాత గర్జించువారిలో మొదటివాడైన కుఱ్ఱడు లేచి, "మళ్లా కొట్లాట ఎప్పుడు సార్?" అనెను. నేను నోరు తెరచులోపలనే ఆళ్లగడ్డనుండి సెలవులకు వచ్చిన అతని మేనత్తకూతురు అతని చొక్కా పట్టి కూర్చుండబెట్టి, "కొట్లాట అయిపాయ గదరా, ఇప్పుడు పెండ్లి. గమ్మునుండు," అనినది. తెరమీద స్వామి అప్పుడే చెట్టువైపు నడచుచుండెను.