వీలునామాలో ఒక ఖాళీ గీత

ఈ వారం నాకొచ్చిన కవర్లలో ఒక వీలునామా చిత్తుప్రతి ఉంది. పంపింది రిటైరైన తెలుగు టీచరుగారు. తన డాబా ఇల్లు, వెనకున్న కాస్త పెరడు తన తదనంతరం ఊరి లైబ్రరీకి చెందాలని రాశారు. చదివి ఎంతో సంతోషించాను. ఆ వెంటే గుబులూ పట్టుకుంది. లైబ్రరీ ఎలా నడవాలో రెండున్నర పేజీలు రాశారు. పిల్లల పుస్తకాలు కింది అరల్లోనే ఉండాలి, టీవీ పెట్టకూడదు, ఫంక్షన్లకు అద్దెకివ్వకూడదు, ఏటా పద్యాల పోటీ జరపాలి. ఇవన్నీ ఎవరు జరిపించాలో రాయాల్సిన చోట మాత్రం ఒక ఖాళీ గీత.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పంతం తెలుసు. ఇచ్చేదేదో బతికుండగా మన చేత్తో ఇవ్వాలి, అది ఎలా వాడుతున్నారో మన కళ్లతో చూసుకోవాలి. ఫోన్ చేసి టీచరుగారికీ అదే చెప్పాను, ఇప్పుడే గిఫ్ట్ డీడ్ రాసేయండని.

"ఇల్లిచ్చేసి నేనెక్కడుండను బాబూ?" అన్నారావిడ.

బతికున్నంతకాలం ఉండే హక్కు నిలుపుకుని కూడా రాయొచ్చు. కానీ రేపు పెద్ద జబ్బు చేస్తే అమ్ముకోవడానికి ఆవిడకున్నది ఆ ఇల్లొక్కటే. ఒకసారి దానపత్రం రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం మహా కష్టం. వీలునామా అలా కాదు. కన్నుమూసేదాకా ఆస్తి రాసినవారిదే. మనసు మారితే ఇంకొకటి రాసుకోవచ్చు, ఆఖరున రాసిందే చెల్లుతుంది. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మాత్రం మంచిది. తప్పనిసరైంది ఇద్దరు సాక్షుల సంతకాలు. బ్యాంకులో నిలవున్నవాళ్లు ఎప్పుడైనా చెక్కు రాసివ్వగలరు. ఒక్క ఇల్లు, ఒక పెన్షన్ ఉన్న మనిషికి పెద్ద దానం చేయగల దారి వీలునామాయే. నా పంతం ఇలాంటివారికి వర్తించదని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది.

ధర్మానికి రాసే వీలునామా అంటే చట్టానికీ చాలాకాలం అనుమానమే. అవసానదశలో ఉన్నవాళ్ల చేత ఎవరో మాయమాటలు చెప్పి రాయించుకుంటారని భయం. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 118వ సెక్షన్ ఇందుకే పెట్టారు. అన్న కొడుకో, అక్క కూతురో, అంతకన్నా దగ్గరివాళ్లో ఉన్న క్రైస్తవులు మతానికో ధర్మానికో ఆస్తి రాస్తే, ఆ వీలునామా చావుకు 12 నెలల ముందే రాసి ఉండాలి, రాసిన ఆరు నెలల్లోగా చట్టం చెప్పిన చోట భద్రపరిచి ఉండాలి. కేరళ నుంచి ఒక ఫాదర్ వేసిన పిటిషన్ మీద 2003లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. ముస్లింల విషయం వేరు. అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతు దాకా వీలునామాతో ధర్మానికి ఇవ్వొచ్చు, అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి.

చావుకు కొద్దిరోజుల ముందు రాసిన వీలునామా అనగానే నాకు పచ్చయప్ప మొదలియార్ గుర్తొస్తాడు. 1754లో పుట్టాడు. తండ్రి లేని పేద పిల్లవాడు. మద్రాసులో కంపెనీ దొరల దగ్గర దుబాసీగా అపారంగా సంపాదించి, నలభై ఏళ్లకే 1794లో చనిపోయాడు. ఆఖరి రోజుల్లో వీలునామా రాశాడు. అందులో ఉన్నవి శివాలయాలు, కైంకర్యాలు, అన్నదానాలు. ఆ కోరికలో లోపం లేదు. లోపమంతా ఆ తర్వాతిదే. అమలు చేయాల్సినవాళ్లు చేయలేదు. ఆస్తి దావాల్లో ఏళ్లకేళ్లు నలిగింది. చివరికి మద్రాసు అడ్వకేట్ జనరలే కలగజేసుకుని అక్కడి సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. 1832లో డిక్రీ వచ్చింది. దేవుడి ఖర్చులకు పోగా మిగిలిన సొమ్ము చదువుకు పెట్టాలని పథకం వేశారు. 1842 జనవరి 1న బడి తెరిచారు. అప్పటికి పచ్చయప్ప పోయి దాదాపు 48 ఏళ్లు.

అంటే రెండు తరాల పిల్లలు ఆ బడి లేకుండానే పెద్దవాళ్లైపోయారు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. టీచరుగారి కాగితం ముందు పెట్టుకున్నప్పుడూ వచ్చింది. ఆ కోపంలోనే ఆవిడ షరతులకు ఇంకో నాలుగు చేర్చబోయాను. ఎక్కడా సందు లేకుండా బిగించి రాయాలనుకున్నాను.

అంతలో ఒక సంగతి తట్టింది. పచ్చయప్ప రాసినదాంట్లో ఇంగ్లీషు చదువు చెప్పే బడి లేనే లేదు. ఇవాళ ఆయన పేరు నిలిచింది మాత్రం ఆ బడి కాలేజీగా పెరిగినందువల్ల. రామానుజన్, అన్నాదురై చదివిన కాలేజీ అది. గుళ్లకూ అన్నదానానికీ పోగా మిగిలిన డబ్బుకు, ఆయన ఊహించని కాలంలో, ఆయన ఎరగని అవసరం ఎదురొచ్చింది. ప్రతి పైసాకూ ముందే దారి గీసి పెట్టి ఉంటే ఆ మిగులే ఉండేది కాదు. మరి ఆ 48 ఏళ్లు ఎందుకు పోయాయి? షరతులు చాలక కాదు, జరిపించే మనిషి సరైనవాడు కాక.

 

అందుకే టీచరుగారికి మళ్లీ ఫోన్ చేసి ఆ రెండున్నర పేజీలూ తీసేయమన్నాను. కోరికలు విడిగా ఉత్తరంలో రాసి లైబ్రరీవాళ్లకు ఇప్పుడే ఇవ్వండి, వీలునామాలో మాత్రం "లైబ్రరీ అవసరాలకు" అన్న మాట చాలునన్నాను. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఊరి పిల్లలకు ఏం కావాలో ఆవిడా నేనూ ఇప్పుడు చెప్పలేం. "మన ఊరి లైబ్రరీ" అని రాస్తే సరిపోదు. అది సొసైటీగా రిజిస్టరైతే ఆ కాగితంలో ఉన్న పేరే రాయాలి, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ అయితే ఆ సంస్థ పేరు రాయాలి. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఈ ఆదివారమే చెప్పమన్నాను. దసరాకు వచ్చినప్పుడు చెప్తానన్నారు, ఆగొద్దన్నాను. అతను మొదటిసారి వినేది తల్లి నోటే అయితే గొడవకు తావు తక్కువ.

ఇక ఆ ఖాళీ గీత. తన వయసే ఉన్న స్నేహితురాలి పేరు చెప్పారు. చిన్నవాళ్లను చూడండన్నాను, ఒకరు కాదనుకుంటే ఇంకొకరు ఉండేలా రెండు పేర్లు రాయమన్నాను. తన దగ్గర చదువుకున్న ఒకతను పక్క ఊళ్లో హెడ్మాస్టరుగా ఉన్నాడట, లెక్కల్లో నిక్కచ్చి మనిషట. అతన్ని అడిగారా అంటే ఇంకా లేదన్నారు. అడగకుండా రాస్తే రేపు అతను నావల్ల కాదని తప్పుకోవచ్చు. ముందు అతన్ని ఇంటికి పిలిచి కాగితం చదివి వినిపించమన్నాను. రెండో పేరు కోసం ఇంకా వెతుకుతున్నారు.