వదిన నగ, అమ్మ కమ్మలు

చిన్నప్పుడు నీతి అంటే పద్యమే అనుకునేదాన్ని. ముద్దనూరులో మా బళ్లో వేమన పద్యం అప్పజెప్పందే అయివారు ఇంటికి పంపేవారు కాదు. పద్యమూ బట్టీయే, భావమూ బట్టీయే. మా జిల్లాలో వేమన ఇంటిమనిషి లాంటివాడు. కడపలో కాపురమున్న బ్రౌన్ దొర 1829లో ఆయన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 2006లో కడపలో వచ్చిన విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే పెట్టారు.

కులాన్నీ దొంగభక్తినీ నిలదీసిన ఆ గొంతంటే నాకిప్పటికీ ఇష్టమే. ఇబ్బందల్లా ఆయన యోగి అయిన కథతోనే. వేమన మనసుపడిన వేశ్య ఆయన వదిన నగ కావాలంటుంది. వదిన ఇస్తుంది, కానీ ఆమెను నగ్నంగా నిలబెట్టి చూడమని షరతు పెడుతుంది. చూశాక వేమనకు రోత పుట్టి, విరక్తి కలుగుతుంది. ఇది చరిత్ర కాకపోవచ్చు. అయినా తరతరాలుగా చెప్పుకుంటున్నామంటే అందులో మనకేదో నచ్చింది.

ఏం నచ్చింది? ఒక ఆడదాని దేహం పాఠ్యపుస్తకమైంది. ఇంకో ఆడది ఆ పాఠం చెప్పింది. జ్ఞానం మాత్రం మగవాడికి దక్కింది. పాఠం చెప్పిన వదినను ఎవరూ గురువనలేదు. అట్లా నిలబడ్డ మనిషికి ఏమనిపించిందో ఎవరూ అడగలేదు. స్త్రీలను కించపరిచే పద్యాలు వేమనవి కావు, ఎవరో చేర్చారని కొందరంటారు. ఒకే మకుటంతో వేల పద్యాలున్నాయి కనుక కావచ్చు. కానీ ఎవరు రాసినా, వాటిని నీతి పేరుతో మోస్తున్నది మనమే కదా!

ఈ కథ క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ అమ్మాయి లేచి, "వాళ్లిద్దరి పేర్లేంది మేడం?" అంది. నేను విన్న కథలో పేర్లు లేవు. ఇన్నేళ్లలో నాకా ప్రశ్నే రాలేదు.

ఆ రాత్రి అమ్మ గుర్తొచ్చింది. నా కాలేజీ ఫీజు కోసం అమ్మ కమ్మలు ప్రొద్దుటూరులో కుదువకు వెళ్లాయి. బంగారు అంగళ్లకు పేరుపడ్డ ఊరది. తూచి, వెలకట్టి డబ్బిచ్చారు. చెవి రంధ్రాలు పూడకుండా అమ్మ రెండేళ్లు చీపురుపుల్లలు పెట్టుకుని తిరిగింది. తెలుగులో వెలనూ విలువే అంటాం, గొప్పదనాన్నీ విలువే అంటాం. అంగట్లో కమ్మలకైనా విలువ కట్టారు. ఇంట్లో మేం అమ్మ చేసిన పనికి అదీ కట్టలేదు. "అమ్మ కదా, చేస్తుంది" అనుకున్నాం.

వదిన నగ మరిదిని జ్ఞానిని చేసింది. అమ్మ కమ్మలు నన్ను లెక్చరర్ని చేశాయి. అంటే నేను ఇన్నాళ్లూ విమర్శిస్తున్న ఆ కథలో నేనున్నది వేమన చోటులోనే! ఇప్పుడు దాన్ని త్యాగమని పొగడబుద్ధి కాదు. పొగిడితే అదీ ఇంకో నీతిపద్యం అవుతుంది. నాన్న వద్దన్నా అమ్మ తీసుకున్న నిర్ణయమది. ఆలోచించి తీసుకున్నది.

వేమనను చెప్పడం మానలేదు. పద్యం చదివించాక భావం మాత్రం అడగడం లేదు. ఈ నీతికి వెల ఎవరు చెల్లించారని అడుగుతున్నాను. పిల్లలు వాళ్ల ఇళ్లలోంచి జవాబులు తెస్తున్నారు. కొన్ని వినడం కష్టంగానే ఉంటోంది. వింటున్నాను.